నిద్ర లేవని గొడుగులు

సోమవారం పొద్దున తొమ్మిదింటికి కంప్యూటరమ్మ కూనిరాగం తీస్తూ డిజైన్ గదిలోకి వచ్చింది. ఆ మేజోళ్ల ఫ్యాక్టరీలో ఆవిడకి అసలు పేరొకటి ఉందన్న సంగతి అందరూ ఎప్పుడో మరిచిపోయారు. ప్రింటర్‌లో కాగితం ఇరుక్కున్నా, గేటు దగ్గర వేలిముద్రల మిషన్ మొరాయించినా, ఆఖరికి క్యాంటీన్‌లో గోడ గడియారం ఆగిపోయినా "కంప్యూటరమ్మని పిలవండి" అనేవాళ్లు. గడియారానికీ కంప్యూటర్‌కీ ఏం చుట్టరికమని ఆవిడ మొదట్లో వాదించేది. తర్వాత వాదన మానేసి బ్యాటరీ మార్చడం మొదలుపెట్టింది.

కూనిరాగానికి కారణం లేకపోలేదు. శనివారం సెలవైనా ఒక్కతే వచ్చి కూర్చుని, ఏడాదిగా వాయిదా వేస్తున్న అప్‌గ్రేడ్ కాస్తా చేసి పారేసింది. దేన్ని అప్‌గ్రేడ్ చేసిందో చెప్పాలంటే ఆ గది సంగతి కొంచెం చెప్పాలి.

ఆ గదిలో ఉన్నది కొత్త ల్యాప్‌టాపే. కానీ మేజోళ్లు అల్లే మిషన్లతో మాట్లాడే ప్రోగ్రాములు మాత్రం తాతలనాటివి. వాటికి తాతలనాటి కంప్యూటరే కావాలి. అలాంటి కంప్యూటర్లు ఇప్పుడు పాత ఇనుము కొట్లో కూడా దొరకవు. అందుకని కంప్యూటరమ్మ ఒక ఉపాయం చేసింది. కొత్త కంప్యూటర్ లోపల, కేవలం సాఫ్ట్‌వేర్‌తో, మూడు పాత కంప్యూటర్లను సృష్టించింది. వీటిని వర్చువల్ మెషిన్లంటారు. ఫ్యాక్టరీ జనం అంత కష్టపడలేక "లోపలి మిషన్లు" అన్నారు. ఒకదాంట్లో మేజోళ్ల మీద బొమ్మలు గీస్తారు, రెండోది ఆ బొమ్మల్ని అల్లే మిషన్లకి పంపుతుంది, మూడోది లేబుళ్లు కొడుతుంది. ఈ మూడింటినీ మోసే సాఫ్ట్‌వేర్‌కే కొత్త వెర్షన్ వచ్చింది. మరింత వేగం, మరింత భద్రత అని నెలనెలా ఊరించింది. కంప్యూటరమ్మ మామూలుగా ఊరింపులకు లొంగే మనిషి కాదు. శనివారం ఎందుకో లొంగిపోయింది.

బొమ్మలు గీసే మిషన్ చుక్కల మాస్టారిది. మాస్టారి దృష్టిలో మేజోడు అంటే చుక్కలే. చుట్టూ నూట అరవై ఎనిమిది చుక్కలు, ఒక్కో చుక్క ఒక్కో కుట్టు. ఏ చుక్క ఏ రంగులో ఉండాలో ఒక్కొక్కటిగా పెడుతూ పోతారు. ఆయన కంప్యూటరమ్మకి స్వయానా మామగారు. ఇంట్లో ఆయన మాటకి ఎదురులేదు, ఈ గదిలో ఆవిడ మాటకి ఎదురులేదు. ఈ ఒప్పందం ఎవరూ రాసుకోలేదు కానీ రెండేళ్లుగా ఎక్కడా బెసక్కుండా నడుస్తోంది.

ఆ సోమవారం మామూలు సోమవారం కాదు. ఫ్యాక్టరీ యజమానురాలు, అందరూ మేడమ్ అనే ఆవిడ, పోయిన నెలలోనే తేల్చి చెప్పేసింది. ఇకనుంచి డిజైన్లు బయటినుంచి తెప్పించుకుందామని ఉంది. సోమవారం నాలుగింటికి పెద్ద దుకాణాల వాళ్ల మనిషి వస్తోంది. మాస్టారి కొత్త నమూనా ఆవిడకి నచ్చిందా, డిజైన్ గది ఉంటుంది. లేదంటే గదికి తాళం, మాస్టారికి ప్యాకింగ్ బల్ల దగ్గర కుడి ఎడమలు సరిచూసే పని. ముప్ఫయ్యేళ్లు బొమ్మలు గీసిన మనిషికి ఆ మాట ఎక్కడ తగిలిందో చూసినవాళ్లకే తెలుసు. ఆయన ఇరవై మూడు రోజులు కూర్చుని గొడుగులు గీశారు. పిక్క నుంచి మడమ దాకా వాన, వానలో చిన్న చిన్న గొడుగులు, ఏ రెండు గొడుగులూ ఒకే వైపు వాలవు.

"లేపు అమ్మాయ్, మిగతా పని కానిద్దాం" అన్నారు మాస్టారు, కళ్లజోడు తుడుచుకుంటూ.

కంప్యూటరమ్మ ముందుగా లేబుళ్ల మిషన్‌ని లేపింది. నల్లటి కిటికీ ఒకటి తెరుచుకుంది, అందులో తెల్లటి గీత ఒకటి గబగబా పరుగెత్తింది, కిటికీ టక్కున మూసుకుపోయింది. మళ్లీ లేపింది. మళ్లీ అంతే. బొమ్మలు పంపే మిషన్‌ని లేపింది. అదీ అదే వరస. మాస్టారి మిషన్ కూడా కళ్లు తెరిచినట్టే తెరిచి మూసేసింది. కూనిరాగం ఎక్కడ ఆగిపోయిందో ఆవిడకే తెలియలేదు.

"ఏమిటమ్మా, అలిగాయా?"

"లేదు మామయ్యగారూ. కొత్త చోటు కదా, కొంచెం బిడియపడుతున్నాయి" అంది. 

ల్యాప్‌టాప్‌ని ఆపి మళ్లీ మొదలుపెట్టింది. ఈ వృత్తిలో అందరూ మొదట చేసేది ఇదే, సగంసార్లు ఇదే పనిచేస్తుంది కూడా. ఈసారి పనిచేయలేదు. తనలాంటి అభాగ్యులు రాసుకునే వెబ్‌సైట్లు వెతికింది. ఒకడు మెమరీ తగ్గించమన్నాడు. తగ్గించింది. ఇంకొకడు డిస్‌ప్లే సెట్టింగ్ మార్చమన్నాడు. మార్చింది. మూడోవాడు మొత్తం తీసేసి మళ్లీ వేసుకోమన్నాడు. వాణ్ణి మనసులో నాలుగు తిట్టి, చివరికి మొదటే చేయాల్సిన పని చేసింది. ఏం జరిగిందో మిషన్ తనకు తాను రాసుకునే లాగ్ ఫైల్ తెరిచి, కింద నుంచి పైకి ఒక్కో లైనూ చదివింది.

పదిన్నరకి దొరికింది. ఒకే ఒక్క లైను. నిద్రలో ఉన్న మిషన్‌ని లేపబోయాను, ఆ నిద్ర నాకు అర్థం కాని పద్ధతిలో రాసి ఉంది, అని దాని సారాంశం.

ఆ ఫ్యాక్టరీలో లోపలి మిషన్లను ఎవరూ ఆపరు. సాయంత్రం పోయేముందు నిద్రపుచ్చి వెళతారు. అలా నిద్రపుచ్చినప్పుడు ఆ క్షణాన తెరమీద ఉన్నవన్నీ ఉన్నవున్నట్టుగా ఒక ఫైల్‌లోకి వెళ్లి కూర్చుంటాయి. పొద్దున లేపితే అదే తెర, అవే బొమ్మలు, ఆఖరికి బాణం గుర్తు కూడా వదిలేసిన చోటే ఉంటుంది. శుక్రవారం అందరూ అలాగే నిద్రపుచ్చి పోయారు. శనివారం ఆవిడ వాటి ఇల్లు మార్చేసింది. పాత వెర్షన్‌లో పడుకున్నవాటిని ఇప్పుడు కొత్త వెర్షన్ లేపబోతోంది, చేతకాక కూలబడుతోంది.

"ఓస్, ఇంతేనా!" అంది పైకే.

మందు కూడా సులువే. ఆ నిద్ర ఫైల్‌ని తీసిపారేసి, మిషన్‌ని మొదటినుంచి మొదలుపెట్టడం. లేబుళ్ల మిషన్‌కి చేసింది, చక్కగా లేచి కూర్చుంది. బొమ్మలు పంపే మిషన్‌కి చేసింది, అదీ లేచింది. గుమ్మంలో నిలబడి ఉన్న అల్లే మిషన్ల ఫిట్టర్ ఇదంతా చూసి "నేను దారాలు ఎక్కించేసి కూర్చున్నా. బొమ్మ రెండింటిలోగా ఇవ్వాలి తల్లీ. అల్లాలి, వేళ్ల దగ్గర కుట్టాలి, ఆవిరి పట్టాలి" అని చెప్పి వెళ్లాడు.

"రెండెందుకు, పదకొండుకే ఇస్తా" అంది ఆవిడ. మాస్టారి మిషన్ మీదకు వచ్చి, నిద్రని తొలగించే బటన్ మీద బాణం పెట్టింది.

మాస్టారు కుర్చీ దగ్గరికి జరుపుకున్నారు. "ఇందాక కాస్త కంగారుపడ్డాను గానీ, ఎక్కడ ఆపానో అక్కడే ఉంటాయి కదమ్మా నా గొడుగులు? శుక్రవారం మడమ దగ్గర ఆఖరి గొడుగు పెట్టేసి నిద్రపుచ్చా. అయిపోయిందని నీకు చెప్దామంటే నువ్వేమో గేటు దగ్గర వేలిముద్రల మిషన్‌తో కుస్తీ పడుతున్నావు."

కంప్యూటరమ్మ వేలు బటన్ మీదే బిగుసుకుపోయింది.

రెండేళ్ల కిందటి మాట. ఆ పాత ప్రోగ్రాములో బొమ్మని సేవ్ చేయాలంటే ఎనిమిది అక్షరాలు దాటని పేరు పెట్టాలి, ఆపైన అది అడిగే మూడు ప్రశ్నలకి జవాబు చెప్పాలి. మాస్టారు ఒక ప్రశ్నకి అవునన్నారు, వారం రోజుల చారల బొమ్మ మీద ఖాళీ బొమ్మ వచ్చి కూర్చుంది. అప్పుడు ఈవిడే జాలిపడి చెప్పింది, "మీరు సేవ్ చెయ్యక్కర్లేదు మామయ్యగారూ. నిద్రపుచ్చేసి వెళ్లండి. ఎక్కడ ఆపితే అక్కడే ఉంటుంది. బొమ్మ పూర్తయ్యాక నాకు చెప్తే నేను సేవ్ చేస్తా." అంటే ఆ ఇరవై మూడు రోజుల గొడుగులు డిస్క్ మీద ఎక్కడా లేవు. ఉన్నవల్లా ఆ నిద్రలోనే ఉన్నాయి. ఆ నిద్రని తీసిపారేయడానికి వేలెడంత దూరంలో, కాదు, తన వేలికిందే, బటన్ ఉంది.

ఆవిడ చేతిని మెల్లగా వెనక్కి తీసుకుని ఒళ్లో పెట్టుకుంది. 

"మామయ్యగారూ" అంది, "ఒక మాట చెప్పాలి. తప్పు నాది." ఉన్నదున్నట్టు చెప్పేసింది. ఆవిడకి డొంకతిరుగుడు చేతకాదు, ఆ క్షణాన చేతనైతే బాగుండునని మాత్రం అనిపించింది.

మాస్టారు అంతా విని, కళ్లజోడు తీసి, శుభ్రంగా ఉన్న అద్దాలని మళ్లీ తుడిచారు. "అంటే, ఉన్నాయా లేవా?"

"ఉన్నాయి. అప్‌గ్రేడ్‌కి ముందు అంతా ఇంకో డిస్క్‌లోకి కాపీ కూడా తీశాను. కానీ తెరవాలంటే పాత వెర్షనే కావాలి."

"మరి పాతది వేసుకో."

అక్కడే ఉంది చిక్కు. పాత వెర్షన్ తాలూకు ఫైల్‌ని శనివారం సాయంత్రం ఆవిడే చెత్తతోపాటు ఊడ్చేసింది, శుభ్రంగా ఉండాలని. కంపెనీ వెబ్‌సైట్‌కి వెళితే భద్రత దృష్ట్యా పాత వెర్షన్లు ఇవ్వబోమని మర్యాదగా రాసి ఉంది. ఫోన్ చేస్తే ఇరవై నిమిషాలు సంగీతం వినిపించి, తర్వాత ఒక గొంతు "నిద్ర ఫైల్‌ని తొలగించి మళ్లీ ప్రయత్నించండి మేడమ్" అంది.

"ఆ ముక్క నాకూ తెలుసు బాబూ. తొలగించకుండా చెప్పు."

"అది కుదరదు మేడమ్. మా సేవలు మీకు సంతృప్తినిచ్చాయా?"

ఏమిచ్చాయో ఆవిడ చెప్పబోయి, మామగారు పక్కనే ఉన్నారని ఆగిపోయింది.

ఇరవై మూడు రోజుల పనిని మూడు గంటల్లో మళ్లీ గీయడం మనిషి వల్ల కాదు. అయినా మాస్టారు ఒక తెల్లకాగితం తీసుకుని, జ్ఞాపకం ఉన్నంతవరకూ గొడుగులు గీయడం మొదలుపెట్టారు. నాలుగు గీసి ఆగారు. "అయిదోది ఎటు వాలిందో గుర్తు రావట్లేదమ్మా" అన్నారు. కంప్యూటరమ్మకి ఏడుపొచ్చినంత పనయింది. ఆయన కోప్పడినా బాగుండేది.

అప్పుడు ఫోన్ మోగింది. పదకొండున్నర. అంటే అత్తగారు. రోజూ పదకొండున్నరకి ఇంటి దగ్గర్నుంచి అత్తగారి ఫోన్ రావాల్సిందే, అందులో ఏదో ఒక ఫిర్యాదు ఉండాల్సిందే.

"అమ్మాయ్, ఈ కంప్యూటర్ మళ్లీ మొదలుపెట్టింది. కొత్త వెర్షన్ వచ్చింది, వేసుకుంటావా అని ఒకటే నస. నేను ఎప్పట్లాగే 'తర్వాత' అని నొక్కేశాననుకో. రోజూ అడగడం, నేను నొక్కడం. దీని నోరు మూయించే దారి లేదా?"

"అత్తయ్యగారూ, తర్వాత మాట్లాడదాం, ఇక్కడ..." అని ఫోన్ పెట్టేయబోయి, ఆవిడ కుర్చీలోంచి లేచి నిలబడింది. "ఏం నొక్కారు?"

"తర్వాత అని. ఏం, తప్పా?"

"ఎన్నాళ్లనుంచి?"

"అది ఇంటికొచ్చిన దగ్గర్నుంచీ."

అత్తగారి దగ్గరున్నది ఈ ల్యాప్‌టాప్‌కి కవల. రెండూ ఒకే రోజు ఒకే కొట్లో కొన్నవి. రెండో డిజైనర్ మానేసి వెళ్లాక, ఎవరికీ అక్కర్లేక ఇంటికొచ్చింది. అత్తగారికి లోకంలో ఒకే ఒక్క పేకాట ఇష్టం. అదీ పాత కంప్యూటర్‌లో వచ్చేదే, కొత్తవాటిలో ఆవిడకి ముక్కల మొహాలు నచ్చవు. అందుకని కోడలు అందులోని సాఫ్ట్‌వేర్ తీయకుండా, రెండో డిజైనర్ బొమ్మలు గీసిన లోపలి మిషన్‌లోనే పేకాట పెట్టిచ్చింది. అంటే పాత వెర్షన్, చెక్కుచెదరకుండా, పది నిమిషాల నడక దూరంలో ఉంది.

"అత్తయ్యగారూ, ఇంకేదీ నొక్కకండి! ఊపిరి కూడా గట్టిగా పీల్చకండి. దాన్ని పట్టుకుని ఇక్కడికి వచ్చేయండి."

"ఆట మధ్యలో ఉన్నానే. ఇంకో నాలుగు ముక్కలు పడితే గెలుస్తా."

"మామయ్యగారి గొడుగులు అందులోంచే బయటికి రావాలి."

 "చెప్పులేసుకుంటున్నా" అంది అత్తగారు.

పదిహేను నిమిషాల్లో ఆవిడ వచ్చేసింది. ల్యాప్‌టాప్‌ని తువ్వాలులో చుట్టి, కూరల సంచిలో పెట్టి, చంటిపిల్లని ఎత్తుకున్నట్టు రెండు చేతులా పట్టుకుని వచ్చింది. బల్లమీద పెట్టి భర్త మొహం చూసింది. "ఏమండీ, ఎందుకలా వేలాడిపోయారు? నేనొచ్చానుగా" అంది, తనే కంప్యూటర్ కనిపెట్టినంత ధీమాగా.

కాపీ మొదలైంది. డిస్క్‌లోంచి ల్యాప్‌టాప్‌లోకి గొడుగుల మిషన్ మొత్తం రావాలి. తెరమీద పచ్చగీత చీమలా పాకుతోంది. నలభై నిమిషాలంది, గంటంది, మళ్లీ అరగంటంది, ఏ మాటమీదా నిలబడలేదు. ఫిట్టర్ రెండుసార్లు తొంగిచూశాడు. ఒకసారి మేడమ్ కూడా వచ్చి "అంతా సవ్యమేనా?" అంది. ముగ్గురూ ఒకేసారి "ఆహా" అన్నారు. అంత ఐకమత్యం చూసి మేడమ్‌కి అనుమానం వచ్చే ఉంటుంది, కానీ వెళ్లిపోయింది.

ఒంటిగంటకి కాపీ పూర్తయింది. కంప్యూటరమ్మ లేపబోయింది. మెమరీ చాలదు పొమ్మంది.

"అత్తయ్యగారూ, మీ పేకాట తెరిచే ఉంది. దాన్ని నిద్రపుచ్చాలి."

"నిద్రపుచ్చితే పోదుగా? ఇందాకేగా అదే పెద్ద రామాయణం అయిందన్నారు!"

"పోదు. ఈ కంప్యూటర్‌లోనే పడుకుని, ఈ కంప్యూటర్‌లోనే లేస్తుంది. మాట ఇస్తున్నా."

ఆవిడ కాసేపు కోడలి కళ్లలోకి చూసి, తన చేత్తోనే నిద్రపుచ్చింది.

నల్లటి కిటికీ తెరుచుకుంది. తెల్లటి గీత పరుగెత్తింది. ముగ్గురూ తెరమీదకి వంగారు. గీత ఆగింది, వణికింది, మెల్లగా తెర వెలిగింది. వాన. వానలో ఎర్రవీ పసుపువీ గొడుగులు, ఒక్కొక్కటీ ఒక్కో వైపు వాలి. మడమ దగ్గర ఆఖరి గొడుగు మీద బాణం గుర్తు, శుక్రవారం సాయంత్రం మాస్టారు వదిలేసిన చోటే ఉంది.

"అయిదోది ఎడమకి!" అన్నారు మాస్టారు చిన్నపిల్లాడిలా.

కంప్యూటరమ్మ సేవ్ నొక్కింది. పేరు అడిగితే ఇంగ్లీషు అక్షరాల్లో గొడుగులు అని కొట్టింది, సరిగ్గా ఎనిమిదికి సరిపోయింది. మూడు ప్రశ్నలనీ ఒక్కోటి మూడేసిసార్లు చదివి జవాబిచ్చింది. తర్వాత ఆ మిషన్‌ని నిద్రపుచ్చలేదు, పద్ధతిగా ఆపేసింది. అలా ఆపిన మిషన్‌ని కొత్త వెర్షన్‌లోకి తెస్తే అది ఏ పేచీ పెట్టకుండా లేచింది. రెండుకి పది నిమిషాల ముందు బొమ్మ ఫిట్టర్‌కి చేరింది.

"పదకొండుకే ఇస్తానన్నారు" అన్నాడు ఫిట్టర్.

"అల్లవయ్యా బాబూ" అంది కంప్యూటరమ్మ.

నాలుగింటికి దుకాణాల మనిషి వచ్చింది. మాటలు తక్కువ మనిషి. మేజోడులోకి చెయ్యి పెట్టి, గుప్పిట తెరిచి, వేళ్లు విప్పి, అటూ ఇటూ తిప్పి చూసింది. "మడమ దాటాక వాన ఎందుకు ఆగిపోయింది?" అని అడిగింది.

"బూటులో వాన పడదు కదండీ" అన్నారు మాస్టారు.

ఆవిడ నవ్వింది. మొదట పెదవులతో, తర్వాత పెద్దగా. మూడు సైజుల్లో కావాలంది. మేడమ్ డిజైన్ గది తలుపు వైపు చూసి "దీనికి రంగు వేయించి ఎన్నాళ్లయింది?" అంది ఎవరినీ ఉద్దేశించకుండా. ఆ మాట చాలు, ముగ్గురికీ అర్థమైపోయింది.

సాయంత్రం ఇంటికి నడిచి వస్తుంటే అత్తగారు సంచి పట్టుకుని ముందు నడుస్తోంది, ఎవరికిచ్చినా పడేస్తారని ఆవిడ భయం. వెనక మామా కోడళ్లు.

"రేపట్నుంచి మీకు సేవ్ చెయ్యడం నేర్పిస్తా మామయ్యగారూ" అంది కంప్యూటరమ్మ. "పేరు పెట్టడం, ఆ మూడు ప్రశ్నలు, అన్నీ."

"అది నాకొచ్చు."

"వచ్చా?"

"ఎప్పుడో నేర్చుకున్నా. చారల బొమ్మ పోయిందిగా, ఆ వారమే. ఇంటికొచ్చి మీ అత్తయ్య పేకాట పక్కన కూర్చుని సాధన చేశా. మొదటి ప్రశ్నకి అవును, రెండోదానికి కాదు, మూడోదానికి అవును." ఆయన వేళ్లు మడిచి చూపించారు.

ఆవిడ ఆగిపోయింది. "మరి ఇరవై మూడు రోజుల్లో ఒక్కసారైనా ఎందుకు చెయ్యలేదండీ?"

ఆయన ఇదేం ప్రశ్న అన్నట్టు చూశారు. "నువ్వు అక్కర్లేదన్నావుగా అమ్మా."

అంతే అన్నారు. నిష్ఠూరం లేదు, దెప్పిపొడుపు లేదు. తనకొచ్చిన విద్యని పక్కనపెట్టి, రెండేళ్లపాటు రోజూ సాయంత్రం ఆ మనిషి తన మాట ఒక్కదాని మీద భారం వేసి ఇంటికెళ్లాడు. ఆ మాట తాను ఒకపూట జాలిపడి, ఆలోచించకుండా అన్నది. కంప్యూటరమ్మకి కళ్లు చెమర్చాయి. కొంగుతో తుడుచుకుని, వీధి దీపం కంట్లో పడినట్టు మొహం అటు తిప్పుకుంది. ఆయన చూడనట్టే నడిచారు.

ఇంటికొచ్చాక అత్తగారు చెప్పులైనా విప్పకుండా ల్యాప్‌టాప్ తెరిచి పేకాటని లేపింది. ముక్కలన్నీ ఉన్నచోటే ఉన్నాయి. ఆవిడ తృప్తిగా తలాడించేలోపే మూలన చిన్న పెట్టె ఒకటి పైకొచ్చింది. కొత్త వెర్షన్ సిద్ధంగా ఉంది, వేసుకుంటారా?

ఇన్నాళ్లలో మొదటిసారి అత్తగారు వేలు గాల్లో ఆపింది. "ఏం నొక్కమంటావే?" అని కోడలి వైపు తిరిగింది. కళ్లజోడు సర్దుకుంటూ మామగారు కూడా అటే చూశారు.

మామూలుగా అయితే కంప్యూటరమ్మ అర సెకనులో జవాబు చెప్పేది. ఇప్పుడు కుర్చీ లాక్కుని, అత్తగారి పక్కన కూర్చుంది. "ముందు ఆట గెలవండి. తర్వాత దీన్ని నిద్రపుచ్చకుండా పద్ధతిగా ఆపుదాం. ఒక కాపీ తీద్దాం. పాత వెర్షన్‌ని దాచుకుందాం. అప్పుడు నొక్కుదురుగాని. అయ్యేదాకా నేను ఇక్కడే కూర్చుంటా."

"అడిగింది అవునా కాదా అని. దానికింత పురాణమా!" అని అత్తగారు 'తర్వాత' నొక్కేసి, ముక్క కలిపింది.